మత్తులో మెదడు, ఆకలితో మెదడు

నిద్రపోతున్న మీ తమ్ముణ్ణి పేరు పెట్టి గట్టిగా పిలవండి. అటూ ఇటూ కదులుతాడు. అయినా లేవకపోతే అరికాలిలో చక్కిలిగిలి పెట్టండి. లేచి మీ మీద విరుచుకు పడతాడు! అంటే, నిద్ర ఎంత గాఢంగా ఉన్నా మెదడు కాపలా మానలేదన్నమాట.

మరి ఆపరేషను బల్ల మీద పడుకున్న రోగి సంగతి చూడండి. డాక్టరు పొట్ట కోస్తాడు, లోపల సరిచేయవలసింది సరిచేస్తాడు, తిరిగి కుట్లు వేస్తాడు. గంటలు గడుస్తాయి. రోగి ఉలకడు, పలకడు. అంతా అయ్యాక కళ్ళు తెరిచి, "ఆపరేషను ఎప్పుడు మొదలు పెడతారండీ?" అని అడుగుతాడు. "మత్తుమందు ఇచ్చి నిద్రపుచ్చుతారు" అని మనం అంటూ ఉంటాం గాని, అది మాట వరసకు అనేదే. మత్తు నిద్ర కాదు.

ఇప్పుడు ఇంకొకటి ఊహించుకోండి. ఒక పెద్దాయన పొద్దున్నే అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఉన్నట్టుండి గ్లాసు చేతిలోంచి జారిపోయింది. మూతి ఒక పక్కకు పోయింది. ఏదో చెప్పబోతే మాట ముద్ద ముద్దగా వచ్చింది. ఇది పక్షవాతం. డాక్టర్లు దీన్నే స్ట్రోకు అంటారు.

ఈ రెండు సందర్భాలలోనూ మెదడు తన పని మానేసింది. ఆపరేషను బల్ల మీది మనిషిలో చాలా భాగం మానేసింది, పెద్దాయనలో ఒక భాగం మానేసింది. మొదటిది కొద్ది గంటల్లో పూర్తిగా తిరిగి వచ్చేస్తుంది. రెండవది చాలామందిలో పూర్తిగా తిరిగి రాదు. ఎందుకని? ఈ తేడా అర్థమైతే మత్తుమందు ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. దానితోబాటు, ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వచ్చినప్పుడు మొదటి పది నిమిషాల్లో మనం ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

బోస్టను నుంచి హైదరాబాదు దాకా

1846కు ముందు ఆపరేషను అంటే నరకమే. నలుగురు మనుషులు రోగిని గట్టిగా అదిమి పట్టుకుంటే డాక్టరు కోసేవాడు. ఎంత తొందరగా కోస్తే అంత గొప్ప డాక్టరు. ఆ ఏడాది అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరంలో, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో, విలియం మోర్టన్ అనే పళ్ళ డాక్టరు ఒక రోగి చేత ఈథరు ఆవిరి పీల్పించాడు. జాన్ వారెన్ అనే సర్జను ఆ రోగి మెడమీది కంతిని కోసి తీశాడు. రోగి కేకలు వేయలేదు. చూడవచ్చిన వారంతా నివ్వెరపోయారు.

మరుసటి ఏడాది, 1847లో, ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ అనే డాక్టరు క్లోరోఫాంను వాడాడు. ఈథరులా అది దగ్గు తెప్పించదు, అంటుకోదు, వాసన తియ్యగా ఉంటుంది. కాని 1848 జనవరిలో ఇంగ్లండులో ఒక దారుణం జరిగింది. కాలిగోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చిన 15 ఏళ్ళ అమ్మాయి కొద్ది నిమిషాల్లో చనిపోయింది. ఆమె వయసు ఇంచుమించు మీ వయసే. ఆ తరువాత కూడా అక్కడక్కడ ఇలాంటి మరణాలు సంభవించాయి. క్లోరోఫాం ముందు ఊపిరిని ఆపుతుందా, గుండెను ఆపుతుందా? మత్తు ఇచ్చే డాక్టరు దేన్ని కనిపెట్టుకుని ఉండాలి? దీనిమీద వైద్యులు రెండు జట్లుగా చీలిపోయి వాదించుకున్నారు.

ఆ వాదన తేల్చడానికి పరిశోధనలు ఎక్కడ జరిగాయో తెలుసా? మన హైదరాబాదులో! అక్కడి వైద్య పాఠశాలకు ఎడ్వర్డ్ లారీ అనే సర్జను అధిపతి. అదే ఇప్పటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించగా 1888లో ఒకసారి, 1889లో మరొకసారి పరిశోధనలు జరిగాయి. రెండవసారి లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రిక లండను నుంచి లాడర్ బ్రంటన్ అనే శాస్త్రజ్ఞుణ్ణి పంపింది. వీటికి హైదరాబాదు క్లోరోఫాం కమిషనులు అని పేరు. ఆ రోజులలో హైదరాబాదులో క్లోరోఫాం ఇచ్చిన వారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే వైద్యురాలు కూడా ఉన్నారు. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరిగా ఆమెను చెప్పుకుంటారు.

వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, "ముందు ఆగేది ఊపిరే. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు" అని కమిషను తేల్చింది. ఇందులో సగం నిజం. ఊపిరిని కనిపెట్టాలన్నది నిజం. కాని 1911లో లెవీ అనే ఆంగ్ల వైద్యుడు పిల్లుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫాం తేలికగా ఇచ్చినప్పుడు కూడా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని చూపించాడు. నేడు ఆపరేషను గదిలో మత్తు డాక్టరు ఊపిరిని, నాడిని, రక్తపు పోటును, రక్తంలోని ఆక్సిజనును అన్నిటినీ క్షణం క్షణం చూస్తూ ఉంటాడు. క్లోరోఫాంను మత్తుకు వాడటం ఎప్పుడో మానేశారు. ప్రశ్న హైదరాబాదులో పూర్తిగా తేలకపోయినా, వాదనతో కాక ప్రయోగంతో తేల్చాలన్న పద్ధతి మాత్రం నిలిచింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివరలో మళ్ళీ పనికివస్తుంది.

అత్తిపత్తి ఆకు, మిణుగురు పురుగు

సరే, మత్తుమందు శరీరంలో ఎక్కడ పనిచేస్తుంది? ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు క్లోద్ బెర్నార్ 1870-80 మధ్య ఒక చక్కని ప్రయోగం చేశాడు. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి మొక్క మీకు తెలుసు కదా! ఆ మొక్కను గాజు గంట కింద ఉంచి, పక్కనే ఈథరులో తడిపిన స్పంజిని పెట్టాడు. కొంతసేపటికి ఆకులను ముట్టుకున్నా ముడుచుకోలేదు. ఈథరు తీసేసి మంచి గాలి తగలనిచ్చాక మళ్ళీ ముడుచుకోసాగాయి. మొక్కకు మెదడు లేదు, నరాలు లేవు. అయినా మత్తు ఎక్కింది! కనుక మత్తుమందు జీవకణం మీదనే పనిచేస్తుందని బెర్నార్ గ్రహించాడు.

కణంలో ఏ భాగం మీద? 1899లో జర్మనీలో హాన్స్ మయ్యర్, 1901లో స్విట్జర్లాండులో చార్లెస్ ఓవర్టన్ ఎవరికి వారుగా ఒక విషయం గమనించారు. ఆలివు నూనెలో ఎంత బాగా కరిగే మందైతే అంత బలమైన మత్తుమందు. కణానికి చుట్టూ ఉండే పొర కొవ్వుతో తయారైనదే. కాబట్టి మందు ఆ కొవ్వు పొరలో కరిగి కణాన్ని మొద్దుబారుస్తుందని శాస్త్రజ్ఞులు చాలా ఏళ్ళు నమ్మారు.

ఆ నమ్మకాన్ని కదిలించింది మిణుగురు పురుగు. దాని వెలుగుకు కారణం లూసిఫెరేస్ అనే ప్రోటీను. 1984లో లండనులో నికొలస్ ఫ్రాంక్స్, విలియం లీబ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ ప్రోటీనును విడిగా తీసి మత్తుమందులు కలిపి చూశారు. వెలుగు తగ్గింది. జంతువులలో ఏ మందు ఎంత బలమైనదో ఇక్కడ కూడా అదే క్రమంలో తగ్గించింది. ఆ పరీక్షలో కొవ్వు పొర అన్నదే లేదు. అంటే, మత్తుమందు నేరుగా ప్రోటీనుకే అతుక్కుని దాని పనికి అడ్డుపడగలదన్నమాట.

"ఊరుకో" అనే కబురు

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. అవి ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటూ ఉంటాయి. తేలికగా చెప్పాలంటే ఈ కబుర్లు రెండు రకాలు. "మాట్లాడు" అనేది ఒకటి, "ఊరుకో" అనేది రెండవది. "ఊరుకో" అనే కబురు మోసే ముఖ్యమైన రసాయనం పేరు గాబా. అది నాడీకణం మీద ఉన్న ఒక ప్రోటీను తలుపును తడుతుంది. తలుపు తెరుచుకుంటుంది. మనం తినే ఉప్పులో సోడియంకు జతగా ఉండే క్లోరైడు అయానులు ఆ తలుపులోంచి లోపలికి పోతాయి. అవి రుణావేశం ఉన్నవి కదా! దానితో కణం ఇక సులభంగా ఉత్తేజం పొందదు, ఊరుకుంటుంది.

నేడు ఎక్కువగా వాడే ప్రోపోఫాల్ అనే మందు పాలలా తెల్లగా ఉంటుంది. దాన్ని నరంలోకి ఎక్కిస్తే అర నిమిషం, ముప్పావు నిమిషంలో మనిషి స్పృహ తప్పుతుంది. అది చేసే పని ఏమిటంటే, గాబా తలుపుకు అతుక్కుని, తెరిచిన తలుపును ఎక్కువసేపు తెరిచి ఉంచడమే. పీల్చే మందు సెవోఫ్లూరేన్ చేసేదీ ఎక్కువగా ఇదే. కెటమిన్ అనే మందు, నవ్వుల వాయువు అని పిలిచే నైట్రస్ ఆక్సైడు మాత్రం మరో దారిన పోతాయి. అవి "మాట్లాడు" అనే కబురు వచ్చే తలుపును మూసేస్తాయి.

అయితే మత్తులో మెదడు పూర్తిగా మూగబోతుందా? లేదు. నెత్తి మీద చిన్న చిన్న తీగలు అంటించి మెదడులోని విద్యుత్తును గీతలుగా గీయవచ్చు. దీన్ని ఇ.ఇ.జి. అంటారు. మనిషి ఇ.ఇ.జి.ని మొదటిసారి 1924లో జర్మన్ డాక్టరు హాన్స్ బెర్గర్ గీశాడు. మెలకువగా ఉన్నవాడి గీతలు చిన్నవిగా, చకచకా, రకరకాలుగా ఉంటాయి. మత్తులో ఉన్నవాడివి పెద్ద పెద్ద అలలుగా, నెమ్మదిగా సాగుతాయి.

దీన్ని మీ తరగతితో పోల్చి చూడండి. అయ్యవారు ప్రశ్న వేస్తే ఒకడు జవాబు చెబుతాడు, ఇంకొకడు అనుమానం అడుగుతాడు. గదిలో విషయం ఒకరి నుంచి ఒకరికి నడుస్తోంది. అదే తరగతి అంతా కలిసి ఒకే గొంతుతో ఎక్కాలు వల్లిస్తున్నదనుకోండి. చప్పుడు ఉంది గాని కొత్త కబురేదీ ఒక బల్ల నుంచి మరో బల్లకు పోదు. మత్తులో మెదడు ఇంచుమించు ఇలా ఉంటుంది. కత్తి కోసిన కబురు నరాల వెంట పైకి వచ్చినా, దాన్ని అందుకుని "అబ్బా, నొప్పి!" అని గ్రహించవలసిన భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే స్థితిలో ఉండవు.

ఇంకొక చిన్న సంగతి. ఆపరేషనుకు ముందు ఏమీ తినవద్దని ఎందుకు అంటారు? అన్నం తింటున్నప్పుడు ఒక మెతుకు పొరపాటున గాలిగొట్టం వైపు పోతే మనకు పొలమారుతుంది. దగ్గి బయటికి నెట్టేస్తాం. మత్తులో ఈ పొలమారడం ఉండదు. కడుపులో ఉన్నది గొంతులోకి వస్తే నేరుగా ఊపిరితిత్తులలోకి పోవచ్చు. అందుకే మామూలుగా ఆపరేషనుకు 6 గంటల ముందు నుంచి తిండి, 2 గంటల ముందు నుంచి నీరు కూడా మానమంటారు.

మెదడు తిండి

ఇప్పుడు మన అసలు ప్రశ్నకు వద్దాం. మత్తులో ఆగిన పని తిరిగి ఎందుకు వస్తుంది?

మెదడు బరువు శరీరం బరువులో 2 శాతమే. కాని శరీరం వాడే ఆక్సిజనులో సుమారు 20 శాతం దానికే కావాలి. ప్రతి నిమిషం సుమారు 700 మి.లీ. రక్తం మెదడులోకి పోతుంది. మెదడుకు ధాన్యపు కొట్టు లేదు. కండరంలో కొంత చక్కెర నిలవ ఉంటుంది, కొవ్వు పొట్ట మీద నిలవ ఉంటుంది. మెదడు మాత్రం ఏ పూట కూలి ఆ పూట తినేవాడి లాంటిది. రక్తం పూర్తిగా ఆగితే పది సెకన్లలోపే మనిషి స్పృహ తప్పుతుంది.

మత్తులో ఉన్న రోగికి రక్తం ఆగదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. ఊపిరి తగ్గితే యంత్రం ఊపిరి అందిస్తుంది. కణాలకు ఆక్సిజను, గ్లూకోసు అందుతూనే ఉంటాయి. అవి పని మానాయి గాని తిండి మానలేదు. మందు రక్తంలోంచి తొలగిపోగానే తలుపులు మూసుకుంటాయి, కణాలు మళ్ళీ మాటల్లో పడతాయి.

పక్షవాతంలో జరిగేది దీనికి పూర్తిగా తారుమారు. ఎక్కువమందిలో మెదడుకు పోయే ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడుతుంది. కొందరిలో రక్తనాళం చిట్లి రక్తం మెదడులోకి కారుతుంది. ముందు గడ్డ సంగతే చూద్దాం.

చివరి మడి

పొలం కాలువ చూశారు కదా! పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువలు, వాటి నుంచి మళ్ళు. ఒక పిల్ల కాలువకు ఏదో అడ్డుపడిందనుకోండి. దాని దగ్గర ఉన్న మడి వెంటనే ఎండిపోతుంది. కాని దాని చుట్టుపక్కల మళ్ళకు పక్కవారి గట్టు మీది గండిలోంచి కాస్త కాస్త నీరు వస్తూనే ఉంటుంది. ఆ నారు వాడిపోతుంది, తలవాలుస్తుంది, ఎదగదు. అయినా చావదు. సమయానికి అడ్డు తీసి నీరు వదిలితే మళ్ళీ తలెత్తుతుంది. తీయకపోతే అదీ ఎండుతుంది.

మెదడులోనూ అంతే. ఆరోగ్యంగా ఉన్న 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మి.లీ. రక్తం అందుతుంది. అది ఇంచుమించు 20 మి.లీ. కంటే తగ్గితే కణాలు పని మానేస్తాయి. 10 మి.లీ. కంటే తగ్గితే చనిపోవడం మొదలవుతుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న కణాలే వాడిన నారు. పని చేయవు గాని బతికే ఉంటాయి. గడ్డకు దగ్గరలో ఉన్న కొద్ది భాగం చనిపోయినా, దాని చుట్టూ ఇలాంటి వాడిన భాగం పెద్దది ఉంటుంది. పక్షవాతపు చికిత్స అంతా ఈ వాడిన నారును కాపాడుకోవడానికే.

ఎంత సమయం ఉంది? 2006లో అమెరికా డాక్టరు జెఫ్రీ సేవర్ లెక్క కట్టి చెప్పాడు. పెద్ద ధమని మూసుకుపోయిన రోగిలో, చికిత్స లేకపోతే, నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు చనిపోతాయి. గంటకు ఎన్నో మీరే గుణించి చూడండి. 11 కోట్ల 40 లక్షలు! "8,600 కోట్లలో అదెంతలే" అనుకోకండి. అవి మెదడంతా చెదిరి ఉన్నవి కావు. ఒకే చోట ఉన్నవి. ఆ చోట మాట ఉంటే మాట పోతుంది, కుడిచేయి ఉంటే కుడిచేయి పోతుంది.

ఒక అందమైన ఆలోచన

ఇక్కడ తెలివైన వాడికి ఒక ఆలోచన రావాలి. మత్తుమందు మెదడు పనిని తగ్గిస్తుంది. పని తగ్గితే తిండి అవసరమూ తగ్గుతుంది. మరి తిండి అందని మెదడుకు మత్తుమందు ఇస్తే ఆకలిని తట్టుకుని బతుకుతుంది కదా?

ఇదే ఆలోచన 1970ల నాటి శాస్త్రజ్ఞులకూ వచ్చింది. బార్బిట్యురేటు అనే తరగతి మత్తుమందులను జంతువులకు ఇచ్చి చూస్తే కొన్ని ప్రయోగాలలో మేలు కనిపించింది. మనుషుల విషయం? గుండె ఆగి, తిరిగి కొట్టుకోవడం మొదలై, స్పృహ రాని 262 మంది రోగుల మీద జరిగిన పరిశీలన ఫలితం 1986లో వచ్చింది. సగం మందికి థయోపెంటాల్ అనే బార్బిట్యురేటు ఇచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఎందుకు రాలేదు? నాడీకణం ఖర్చు పెట్టే శక్తిలో సుమారు సగం కబుర్లు పంపుకోవడానికి. మిగిలిన సగం కణం తనను తాను నిలబెట్టుకోవడానికి. మత్తుమందు మొదటి సగాన్నే తగ్గించగలదు. దుక్కి లేని రోజుల్లో ఎద్దుకు దాణా తగ్గించవచ్చు. గడ్డీ నీళ్ళూ కూడా ఆపేస్తే పని లేనంత మాత్రాన అది బతుకుతుందా? గడ్డ అడ్డుపడిన చోట ఆగినవి ఆ గడ్డీ నీళ్ళే. కాబట్టి అడ్డు తీయడం తప్ప వేరే దారి లేదు.

అడ్డు తీసే విధానాలు

1995లో అమెరికాలో జరిగిన పరిశీలన ఒక మంచి కబురు తెచ్చింది. గడ్డను కరిగించే మందును పక్షవాతం మొదలైన 3 గంటల లోపల నరంలోకి ఎక్కిస్తే, అంగవైకల్యం లేకుండా బయటపడేవారి సంఖ్య పెరిగింది. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. 2015లో మరో మెట్టు. నెదర్లాండ్సులోనూ మరికొన్ని దేశాలలోనూ జరిగిన ఐదు పరిశీలనలు ఆ ఒక్క ఏడాదిలోనే వెలువడ్డాయి. గజ్జలోని ధమనిలోంచి సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి, వల లాంటి తీగతో గడ్డను పట్టి బయటికి లాగే పద్ధతి మంచిదని అవి రుజువు చేశాయి. ఇది పెద్ద ధమని మూసుకున్నవారికి. మామూలుగా 6 గంటల లోపల చేస్తారు. స్కానులో వాడిన నారు ఇంకా మిగిలి ఉందని కనిపిస్తే కొందరికి 24 గంటల దాకా చేయవచ్చునని 2018లో తేలింది.

గొట్టం మెదడులోకి పోతున్నప్పుడు రోగి తల కదిలిస్తే ప్రమాదం. మరి పూర్తి మత్తు ఇవ్వాలా? లేక మెలకువగానే ఉంచి కొద్దిగా మగత కలిగిస్తే చాలా? మత్తుమందులలో చాలావాటికి రక్తపు పోటును తగ్గించే గుణం ఉంది. కాలువలో నీటి మట్టం తగ్గితే మొదట ఎండేది ఏది? గండిలోంచి నీరు అందుకునే చివరి మడి! పైగా మత్తు ఇవ్వడానికి కొన్ని నిమిషాలు పడతాయి. నిమిషానికి 19 లక్షలు!

చాలా ఆసుపత్రుల పాత రికార్డులు తిరగేస్తే, పూర్తి మత్తు ఇచ్చినవారే ఎక్కువగా దెబ్బతిన్నట్టు కనిపించింది. అయితే మత్తు చెడ్డదేనా? తొందరపడకండి. ఒక బడిలో వెనకబడిన పిల్లలను మాత్రమే సాయంత్రం ప్రైవేటుకు పంపారనుకుందాం. పరీక్షలో వారికి మార్కులు తక్కువ వచ్చాయి. "ప్రైవేటు వల్ల మార్కులు తగ్గాయి" అంటే ఒప్పుకుంటారా? ఇక్కడా అంతే. వాంతులు చేసుకుంటున్న వారికి, స్పృహ లేని వారికి, అంటే జబ్బు ముదిరిన వారికే పూర్తి మత్తు ఎక్కువగా ఇచ్చారు.

కనుక సమానమైన రెండు జట్లు కావాలి. ఎవరు ఏ జట్టులో పడాలో చీటీ వేసినట్టు నిర్ణయించాలి. జర్మనీలోని హైడెల్బర్గు, స్వీడనులోని గోతెన్‌బర్గు, డెన్మార్కులోని ఆర్హుస్ నగరాలలో ఇలాగే చేశారు. ఫలితాలు 2016, 2017, 2018లలో వచ్చాయి. మూడు చోట్లా కలిపి 368 మంది రోగులు. పూర్తి మత్తు వల్ల కీడు జరగలేదు. మూడింటినీ కలిపి 2019లో లెక్క చూస్తే మూడు నెలల తరువాత పూర్తి మత్తు జట్టే కొంచెం మెరుగ్గా ఉంది. 2022లో ఫ్రాన్సులో సుమారు 350 మంది మీద చేస్తే రెండు జట్లూ సమానంగా వచ్చాయి. ఈ పరిశీలనలలో డాక్టర్లు రక్తపు పోటు పడిపోకుండా కాపలా కాశారు. అంటే మత్తు ఇచ్చే తీరు ముఖ్యం. రోగి కదలకూడదు, పోటు పడిపోకూడదు, ఆలస్యం కాకూడదు.

మీ చేతిలో ఉన్నది

డాక్టర్ల చేతిలో ఇన్ని ఉన్నా, రోగి వాళ్ళ దగ్గరికి చేరితేనే కదా! పక్షవాతంలో ఒక మోసం ఉంది. చాలామందికి నొప్పి ఉండదు. తేలు కుడితే ఊరంతా పరుగెత్తుతాం. చెయ్యి పడిపోతే "కాసేపు పడుకో, తగ్గుతుంది" అంటాం. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు కాబట్టి అది చనిపోతూ కేక వేయదు. ఆ కేక మీరే వేయాలి.

ఇంట్లో ఎవరికైనా అనుమానం కలిగితే ఈ నాలుగూ చేయండి. మొదటిది మూతి: నవ్వమనండి, ఒక పక్కకు జారిందేమో చూడండి. రెండవది చెయ్యి: కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాచమనండి, ఒకటి కిందికి వాలిపోతున్నదేమో చూడండి. మూడవది మాట: ఒక చిన్న వాక్యం చెప్పించండి, తడబడుతున్నదేమో వినండి. ఈ మూడింటిలో హఠాత్తుగా ఏ ఒక్కటి కనిపించినా, నాలుగవది గడియారం: టైము చూసి కాగితం మీద రాయండి. నిద్రలేచేసరికే అలా ఉంటే, చివరిసారి ఎప్పుడు బాగున్నారో ఆ టైము రాయండి. వెంటనే 108కి ఫోను చేయించి, సి.టి. స్కాను ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళమనండి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. మంచినీళ్ళు, కాఫీ, మాత్రలు నోట్లో పోయవద్దు, వేయవద్దు. మత్తులో ఉన్నవాడికి పొలమారదని ఇందాక చెప్పుకున్నాం. పక్షవాతంలోనూ మింగడం దెబ్బతిని నీరు ఊపిరితిత్తులలోకి పోవచ్చు. ఆస్పిరిను వేయవద్దు. గడ్డ అడ్డుపడిందో, రక్తనాళం చిట్లిందో స్కాను చూడకుండా ఎంత గొప్ప డాక్టరైనా చెప్పలేడు. చిట్లినవారికి ఆస్పిరిను ఇస్తే రక్తం ఇంకా కారుతుంది. నూనె మర్దన చేస్తూ, పసరు మందు కోసం ఊరు ఊరూ తిరుగుతూ ఆ విలువైన గంటలు పోగొట్టవద్దు. అరగంటలో అంతా సర్దుకుని, "ఇప్పుడు బాగానే ఉందిరా" అని తాతగారు అన్నా వదలవద్దు. అది రాబోయే పెద్ద దెబ్బకు ముందు హెచ్చరిక కావచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

పెద్దవాళ్ళు "రేపు పొద్దున చూద్దాంలే" అంటే మీరు రాసిన టైము కాగితం వాళ్ళ ముందు పెట్టండి. నిమిషానికి 19 లక్షల చొప్పున తెల్లవారేసరికి ఎన్ని కణాలో వాళ్ళ ఎదుటే లెక్క వేసి చూపించండి.